కాటి సీను చూడనివాళ్లం



మా అనంతపురం జిల్లా పల్లెల్లో ఒక తరం మనుషులున్నారు. బందరు డి.వి. సుబ్బారావు గారి హరిశ్చంద్రుడి పద్యాలు వాళ్లకు నోటికొచ్చు. ఏ పద్యం ఎక్కడ ఎత్తుకున్నారో, ఏ మాట దగ్గర గొంతు దించారో, ఏ పాదం చివర రాగం ఎంతసేపు లాగారో పూస గుచ్చినట్టు చెబుతారు. "పెద్దాయనా, ఆయన్ని స్టేజీ మీద చూసినావా?" అని అడిగితే, "యాడ చూస్తాం నాయనా, బందరు యాడ, మనం యాడ!" అంటారు. ఆ మాటలో వాళ్లకు చిన్నతనమేమీ లేదు. చూడలేదు, అంతే. ఆయన మాత్రం వాళ్ల హరిశ్చంద్రుడే.

ఈరోజు నేను మాట్లాడదల్చుకున్నది ఇట్లాంటివాళ్ల గురించి. నేనూ వాళ్లలో ఒకణ్ని. గొప్ప నటుల్లో చాలామందిని నేను చూడలేదు, విన్నాను. నాటకమంటే కళ్లతో చూసేది కదా, వినేసి అభిమానులమని చెప్పుకోవడమేమిటని పట్టణాల్లో కొందరు పెద్దలు అంటుంటారు. ఆ మాట నేను ఒప్పుకోను. పద్యనాటకం ఈ మెట్టనేల మీద ఇన్నాళ్లు బతికిందంటే, చూసినవాళ్లతో పాటు వినినవాళ్లూ దాన్ని మోశారు. కొన్ని ఊళ్లలో వాళ్లే ఎక్కువ మోశారు.

కొత్త తరం శ్రోతల కోసం రెండు మాటలు చెప్పాలి. బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి సత్యహరిశ్చంద్రలో రాజ్యం పోగొట్టుకున్న రాజు కాశీలో కాటికాపరిగా నిలబడతాడు. కొడుకు శవాన్ని ఎత్తుకుని భార్య అక్కడికే వస్తుంది. అదే కాటి సీను. ఇక తిరుపతి వేంకట కవులు రాసిన పాండవ నాటకాల నుంచి పుట్టింది ఊళ్లలో మనం కురుక్షేత్రమని పిలుచుకునే నాటకం. నిద్రపోతున్న కృష్ణుడి దగ్గరికి దుర్యోధనుడూ అర్జునుడూ సాయమడగడానికి వచ్చేది పడక సీను. కౌరవసభలో కృష్ణుడు సంధి మాటలాడేది రాయబారం సీను. పెద్ద కాంట్రాక్టు నాటకాల్లో ఒక్కో సీనుకు ఒక్కో కృష్ణుడు దిగుతాడు. పడక సీనుకు ఒకరు, రాయబారానికి మరొకరు. జనం ఏ సీనుకు ఎవరొస్తున్నారో చూసుకుని బండ్లు కట్టేవాళ్లు. ఈలపాట రఘురామయ్య గారు వేలు నోట పెట్టుకుని పద్యాన్ని ఈలలో పలికించేవారు. పీసపాటి నరసింహమూర్తి గారు రాయబారం కృష్ణుడిగా పేరుపొందారు. షణ్ముఖి ఆంజనేయరాజు గారిది మరో బాణీ. వీళ్లంతా కోస్తా, ఉత్తరాంధ్రల వాళ్లు. మాకు వాళ్లు గొంతులుగా వచ్చారు.

అట్లాగని నాటకం మాకు పరాయిదని ఎవరూ అనుకోకూడదు. ఈ విషయం దగ్గర నేను కొంచెం ఆగి చెబుతాను, ఎందుకంటే మనవాళ్లే దీన్ని మరిచిపోతున్నారు. 1882 దాకా అనంతపురం బళ్లారి జిల్లాలో భాగం. ఆంధ్ర నాటక పితామహుడని పేరుపొందిన ధర్మవరం రామకృష్ణమాచార్యులు గారు 1853లో మన ధర్మవరంలో పుట్టారు. బళ్లారిలో వకీలుగా ఉంటూ సరసవినోదినీ సభ పెట్టి, తానే నాటకాలు రాసి, తానే వేషం కట్టి ఆడించారు. ఆయన చిత్రనళీయం 1887 నాటిది. విషాదసారంగధర తెలుగులో తొలి విషాదాంత నాటకమని చరిత్ర రాసినవాళ్లు చెబుతారు. ధార్వాడ వైపు నుంచి వచ్చిన కంపెనీల ఆటలు చూసి, మనకూ ఇట్లాంటిది ఉండాలని పూనుకున్న మనిషి. తెలుగు నాటకానికి పాటనూ రాగాన్నీ గట్టిగా అలవాటు చేసినవాళ్లలో ఆయనది మొదటి వరస.

1891లో ఆయన బృందం మద్రాసు వెళ్లి విక్టోరియా హాలులో నాటకాలాడింది. వాటిని చూసిన పమ్మల్ సంబంద ముదలియార్ అనే యువకుడు అదే ఏడు సుగుణవిలాస సభ స్థాపించాడు. ఆధునిక తమిళ నాటకానికి పెద్దదిక్కని పేరుపొందింది ఆయనే. ధర్మవరం మనిషి బళ్లారి నుంచి వెళ్లి మద్రాసులో వెలిగించిన దీపం అది. బళ్లారిలోనే కోలాచలం శ్రీనివాసరావు గారు సుమనోరమ సభ నడిపారు. పక్కన కడప జిల్లాలో, సురభి అనే పల్లెలో, 1885లో కీచకవధతో మొదలైన కుటుంబ నాటక సమాజం తరాల తరబడి నడుస్తూ దేశమంతా తిరిగింది. ఇంత నాటకం పుట్టిన చోట, నాటకం చూడకుండా వినే జనం ఎందుకు పెరిగారు?

కారణం ఆకాశంలో ఉంది. నైరుతి మేఘాలు పడమటి కనుమల దగ్గరే కురిసి వట్టిపోతాయి. ఈశాన్యపు వానలు మన దాకా వచ్చేసరికి సత్తువ ఉడిగిపోతాయి. ఏడాది సగటు వాన సుమారు 550 మిల్లీమీటర్లు, అంతైనా కురిస్తే మాకు మంచి ఏడు. ఊళ్లో నాటకం పెట్టాలంటే ఎంత తతంగం! హార్మోనియం మాస్టరు వచ్చి నెలల తరబడి ఊళ్లో ఉండి పద్యాలు నేర్పాలి. ఆయనకు తిండీ, జీతమూ చూడాలి. కిరీటాలు, భుజకీర్తులు, సీన్లు, మైకు సెట్టు అన్నీ బాడుగకు తేవాలి. చంద్రమతి, ద్రౌపది వేషాలకు టౌను నుంచి నటీమణులను పిలిపించాలి. చందా ఇచ్చేది చెనిక్కాయ పండించే రైతు. వాన కురిసి కాయలు ఇంటికి చేరితే నాటకం. చేను మాడిపోతే లేదు. కరువొచ్చిన ఏడు మొదట ఆగిపోయేది ఆటే. పాట మాత్రం ఆగదు, దానికి ఖర్చు లేదు.

అందుకే గొంతు వచ్చింది. మొదట గ్రామఫోను ప్లేటుగా వచ్చింది. ఊళ్లో ఏ మోతుబరి ఇంట్లోనో ఒక పెట్టె ఉండేది. సాయంత్రం కీ ఇచ్చి ముల్లు పెడితే అరుగు నిండేది. తర్వాత పెళ్లిళ్లకూ జాతరలకూ మైకు సెట్లు వచ్చాయి. వేపచెట్టు కొమ్మకు కట్టిన స్పీకరు నుంచి రాయబారం పద్యాలు పక్క ఊరి చేలల్లోకి వినబడేవి. ఆ తర్వాత పంచాయతీ రేడియో, చేతిలో ట్రాన్సిస్టరు. విజయవాడ కేంద్రం 1948లో, కడప కేంద్రం 1963లో మొదలయ్యాయి. రంగస్థల పద్యాలు వేసే వేళకు పశువుల్ని త్వరగా తోలుకొచ్చి రేడియో దగ్గర చేరినవాళ్లు మన మధ్య ఇంకా ఉన్నారు. ఎనభైల్లో కేసెట్లు వచ్చాక కాటి సీను ట్రాక్టరు మీద కూడా మోగింది.

ఇక్కడ రేడియో చేసిన ఒక మేలు చెప్పాలి. కాటి సీనులో నటులు పాడే పద్యాల్లో కొన్ని బలిజేపల్లి వారివి కావు, జాషువా గారివి. శ్మశానవాటి అనే ఖండికగా రాసిన పద్యాలు అవి. నాటకం కోసం రాసినవి కావు. నటులే వాటిని ప్రేమతో తెచ్చి హరిశ్చంద్రుడి నోట పెట్టారు. అవి ఆ పాత్రలో ఎంతగా కలిసిపోయాయంటే, మా ఊళ్లలో అందరూ వాటిని నాటకం పద్యాలనే అనుకునేవారు. రేడియోలో పద్యానికి ముందు కవి పేరు చెబుతారు గనక, అంటరానితనం ఏమిటో తన బతుకులో అనుభవించిన కవి రాసిన మాటలే కాటికాపరి నోట పలుకుతున్నాయని ఎందరికో తెలిసింది. తెలిసిన తర్వాత ఆ పద్యాలు వేరేగా వినబడతాయి. చావు ముందు రాజూ పేదా ఒకటేనని అవి చెబుతుంటే, ఆ మాట ఏ బతుకు నుంచి వచ్చిందో శ్రోతకు తెలుస్తుంది. స్టేజీ ముందు కూర్చున్నవాడికి ఈ సంగతి చెప్పేవాళ్లు తక్కువ.

గ్రామఫోను ప్లేటు ఒక వైపు సుమారు మూడు నిమిషాలే తిరుగుతుంది. స్టేజీ మీద నటుడు, జనం 'వన్స్ మోర్' అన్నప్పుడల్లా పద్యం మళ్లీ ఎత్తుకుని, రాగాన్ని తెల్లవార్లూ సాగదీయగలడు. ప్లేటు మీద ఆ వెసులుబాటు లేదు. ఎత్తుగడ, నడక, చివరి ఆలాపన అన్నీ మూడు నిమిషాల్లో అచ్చుకెక్కాలి. అందువల్ల రికార్డు పద్యం బిగువుగా ఉంటుంది. ఆ బిగువే మా చెవులకు కొలబద్ద అయింది. తర్వాత ఎప్పుడైనా మా ఊళ్లో ఎవరైనా కృష్ణుడి వేషం కడితే, వెనక వరసలో ఒక ముసలాయన, "ఏందిరా, ప్లేట్లో అట్ల లేదే!" అని తేల్చేసేవాడు. నటుడు మళ్లీ ఎత్తుకోవాల్సిందే.

సినిమా వచ్చాక కూడా ఈ కొలబద్ద పోలేదు. 1967లో వచ్చిన శ్రీకృష్ణావతారంలో ఘంటసాల గారు రాయబారం పద్యాలు పాడారు. మహానుభావుడు, ఆయన పలికిన ప్రతి అక్షరమూ శుభ్రంగా అర్థమవుతుంది. అయినా పద్యాల ముసలివాళ్లు, "గొంతు బంగారం, రాగమేదప్పా?" అనేవాళ్లు. నా ఓటు ఆ ముసలివాళ్లకే. పాదం అయిపోయిన తర్వాత వచ్చే ఆలాపన అలంకారం కాదు. కొడుకు శవం ముందు మాట ముగిసిన తర్వాత మనిషికి మిగిలేది ఆ ఏడుపే. దాన్ని కత్తిరిస్తే పద్యం మిగులుతుంది, హరిశ్చంద్రుడు మిగలడు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించే సంగతి. మా ఊళ్లలో వేషాలు కట్టిన రైతులు, చేనేత పనివాళ్లు, బడిపంతుళ్లలో చాలామంది పెద్ద నటుల్ని ఎన్నడూ చూడలేదు. వాళ్లు పాత్రను చెవులతో నేర్చుకున్నారు. హార్మోనియం మాస్టరు నేర్పిన బాణీ కూడా చాలాచోట్ల ప్లేటు నుంచి దిగిందే. కాటికాపరి కర్ర ఎట్లా పట్టుకోవాలి, శవాన్ని ఎటు తిరిగి చూడాలి, పద్యం మధ్య ఎన్ని అడుగులు వెయ్యాలి, ఇవేవీ ప్లేటులో ఉండవు. ఇవన్నీ వాళ్లే కల్పించుకున్నారు. ఒక ఊరి హరిశ్చంద్రుడు కర్రను నేలకు ఆనించి కదలకుండా పాడితే, ఇంకో ఊరి హరిశ్చంద్రుడు స్టేజీ అంతా తిరుగుతూ పాడేవాడు. పద్యం ఒకటే, గొంతులో నటుడి జాడ ఒకటే, ఒళ్లు మాత్రం ఆ ఊరిది. మగ్గం మీద కూర్చున్న చేతులు, నాగలి పట్టిన భుజాలు ఆ పాత్రలోకి వచ్చాయి. బందరు హరిశ్చంద్రుడు మా పల్లెలో కాపు హరిశ్చంద్రుడయ్యాడు. దీన్ని నకలు అని ఎవరైనా అంటే నాకు కోపమొస్తుంది. ఇది చూడకపోవడం వల్ల పుట్టిన సృష్టి.

ఇంత చెప్పాక, చెవికి అందని నాటకం గురించి కూడా చెప్పకపోతే న్యాయం కాదు. ఆ నాటకం పేరు బళ్లారి రాఘవ. 1880 ఆగస్టు 2న మన తాడిపత్రిలో పుట్టారు. రామకృష్ణమాచార్యులు గారు ఆయనకు మేనమామ. మేనమామ నాటకంలోకి తెచ్చిన పాటను, మేనల్లుడు వద్దన్నాడు. పూర్తిగా కాదు గానీ, రాగం పేరుతో పాత్రను చంపొద్దని గట్టిగా పట్టుబట్టాడు. దుఃఖంలో ఉన్న మనిషి ఆరోహణ అవరోహణలు చూసుకుంటాడా అన్నది ఆయన వాదం. విజయనగర పతనం మీద కోలాచలం వారు రాసిన నాటకంలో ఆయన వేసిన పఠాను పాత్ర గురించి చూసినవాళ్లు జీవితాంతం చెప్పుకున్నారు. ఆడవేషాలు ఆడవాళ్లే వెయ్యాలని నిలబడ్డారు. రాజమన్నారు గారి తప్పెవరిది లాంటి సాంఘిక నాటకాలు ఆడారు. ఇరవైల చివర్లో ఐరోపా వెళ్లి అక్కడి నాటకశాలలు చూసి, అక్కడివాళ్లకు తన నటన చూపించి వచ్చారు.

రాఘవ కళ ముఖంలో, కంటిలో, మౌనంలో ఉండేదని చూసినవాళ్లంతా రాశారు. మౌనాన్ని ఏ ప్లేటు పట్టుకుంటుంది? మన జిల్లాలో పుట్టిన మహానటుడు, మా వంటి చెవి అభిమానులకు అందకుండా పోయాడు. ద్రౌపదీ మానసంరక్షణం, రైతుబిడ్డ లాంటి సినిమాల్లో కనిపించారు గానీ, అది స్టేజీ రాఘవ కాదు. ఆయన గురించి చదివినప్పుడల్లా, ఇంతకాలం వినీ వినీ నేను నాటకంలో సగాన్నే ప్రేమించానని తెలుస్తుంది. మిగతా సగం కోసం కళ్లు కావాలి, అక్కడ ఉండాలి. రాగం మీద నాకున్న ప్రేమా, రాగాన్ని అదుపులో పెట్టమన్న రాఘవ మీద నాకున్న గౌరవమూ ఒకదానితో ఒకటి పొసగవు. రెండూ నాలో ఉన్నాయి. రెండూ ఈ నేల మీదే, ఒకే ఇంటి చుట్టరికంలోనే పుట్టాయి. ఆ తగవు తీర్చే పెద్దరికం నాకు లేదు.

నాటకాన్ని చెవితో ప్రేమించడం మన ఒక్కళ్ల కథే కాదు. అమెరికాలో 1943లో ఓక్లహోమా అనే సంగీత నాటకం న్యూయార్కులో మొదలైంది. అదే ఏడు ఆ నటుల చేతనే పాడించి డెక్కా కంపెనీ రికార్డుల సెట్టు వేసింది. న్యూయార్కు ముఖం చూడని లక్షలమంది ఆ పాటలు నేర్చుకున్నారు. నాటకం పాటలను అందులోని నటుల గొంతుల్లోనే రికార్డుగా తేవడం అక్కడ అప్పటి నుంచి ఆనవాయితీ అయింది. 2015లో హామిల్టన్ అనే నాటకం వచ్చింది. టికెట్టు సామాన్యుడికి అందనంత పిరం. రికార్డు మాత్రం కొద్ది వారాల్లోనే అందరికీ అందింది. నాటకం దాదాపు మొత్తం పాటే గనక, రికార్డు వింటే కథ మొదలు నుంచి చివరి దాకా తెలిసిపోతుంది. దాన్ని ఐదేళ్ల తర్వాత తెర మీద చూసేనాటికి ఎందరో పిల్లలకు అది మాట మాటా నోటికొచ్చు. మన పడక సీను అభిమానికీ ఆ పిల్లలకూ తేడా ఏముంది? దూరమూ డబ్బూ అడ్డం వచ్చినచోట చెవి దారి వెతుక్కుంటుంది. మహారాష్ట్రలో బాలగంధర్వ రికార్డులకు అతుక్కుపోయిన ఇళ్లదీ ఇదే కథ. మనవాళ్లు దాన్ని ఇంకో అడుగు ముందుకు తీసుకుపోయారు. విని ఊరుకోలేదు, ముఖానికి రంగు పూసుకుని స్టేజీ ఎక్కారు.

ఇప్పుడు ఫోనులో అన్నీ దొరుకుతాయి. కాటి సీను కావాలంటే పది గొంతుల్లో వస్తుంది, బొమ్మతో సహా వస్తుంది. సంతోషమే. అయితే పెద్ద పేర్లు మాత్రమే దొరుకుతున్నాయి. మడకశిర, రాయదుర్గం, కళ్యాణదుర్గం పల్లెల్లో పాడినవాళ్ల గొంతులు ఎక్కడా లేవు. ఊరి నాటకం రోజు ఎవరో టేపురికార్డరు స్టేజీ అంచున పెట్టి పట్టిన కేసెట్లలో అవి ఉన్నాయి. మధ్యలో కుక్కల అరుపులుంటాయి, హార్మోనియం గొంతును ముంచేస్తుంటుంది, చందాలిచ్చిన వాళ్ల పేర్లు చదువుతుంటారు. అయినా అవే మన ఆస్తి. ఆ కేసెట్లు ఇప్పుడు అటకల మీద బూజు పడుతున్నాయి. కేసెట్టులోని టేపు శాశ్వతం కాదు. ఎండకు, చెమ్మకు పొడిబారి, అతుక్కుపోయి, ఒకనాటికి మూగబోతుంది.

అందుకని శ్రోతలకు నా మనవి. మీ ఇంట్లో అట్లాంటి కేసెట్టు ఒక్కటున్నా పారేయకండి. టౌనులో ఇంకా పాత టేపుల్ని కంప్యూటరులోకి ఎక్కించేవాళ్లున్నారు, వాళ్ల దగ్గరికి తీసుకుపోండి. పాడిందెవరో, ఏ ఊరో, ఏ ఏడో, హార్మోనియం వాయించిందెవరో తెలిసినంత మటుకు కాగితం మీద రాసి దానితో పాటు పెట్టండి. పద్యాలొచ్చిన పెద్దవాళ్లు ఇంట్లో ఉంటే, ఫోను వాళ్ల ముందు పెట్టి పాడమని అడగండి. అడిగితే చాలు, గొంతు సవరించుకుంటారు.

ఏప్రిల్ 16 తెలుగు నాటకరంగ దినోత్సవం. అది కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజు. 1946లో మన రాఘవ కన్నుమూసిందీ అదే తేదీన. ఈసారి ఆ రోజుకు జిల్లాలో ఎక్కడ నాటకం వేసినా, టౌనులో వేసినా పల్లెలో వేసినా, వెళ్లి ముందు వరసలో కూర్చోండి. చెవులతో ఇంతకాలం ప్రేమించినవాళ్లు ఒక్క రాత్రి కళ్లు కూడా ఇవ్వండి. పద్యం బాగుంటే 'వన్స్ మోర్' అని గట్టిగా అనండి. ఆ మాట రేడియో ముందు కూర్చుని ఎంత అన్నా నటుడికి వినబడదు.